పింఛను పుచ్చుకున్నాక గిడుగు మాస్టారు

స్వర్ణోత్సవ సంచికకు ఒక ఉపాధ్యాయుడి జీవితం రాసి ఇమ్మని మన పూర్వ విద్యార్థుల సంఘం వారు అడిగారు. మనకు పాఠాలు చెప్పిన మాస్టార్ల గురించి రాయడానికి ఈ సంచికలో చాలామంది ఉన్నారు. నేను ఎంచుకున్నది మన బడి మెట్లు ఎన్నడూ ఎక్కని మనిషిని. ఏటా ఆగస్టు 29న స్టాఫ్ రూములోంచి దించి, దుమ్ము దులిపి, దండ వేసే ఫొటో ఆయనదే. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు.

ఆ రోజున మనం చెప్పుకునేది ఒక్కటే: వాడుక భాష కోసం పోరాడాడు అని. అది నిజమే గాని సగమే. రెండో సగం ఏమిటో నాకు బాగా తెలిసింది ఉద్యోగరీత్యా ఏజెన్సీ బడుల్లో కొన్నేళ్ళు పనిచేసినప్పుడు. సీతంపేట కొండల్లోంచి వచ్చిన సవర పిల్లలు ఒకటో తరగతిలో నోరు మెదపకుండా కూర్చునేవారు. విరామం గంట కొట్టగానే ఆ పిల్లలే మామిడిచెట్టు కింద గలగలా మాట్లాడుకునేవారు. ఆ మౌనం చూసి నూరేళ్ళకు పైగా ముందే ఒక బడిపంతులు ఆలోచనలో పడ్డాడని, దాని కోసం తన చెవులు పోగొట్టుకున్నాడని తెలిశాక ఆయన జీవితాన్ని మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాను.

ఆయన పుట్టింది 1863 ఆగస్టు 29న, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. అది అప్పట్లో గంజాం జిల్లా. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. చోడవరం బదిలీ అయ్యాక 1875లో ఆయన చనిపోయారు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్ళు. బంధువుల అండతో విజయనగరం చేరి మహారాజావారి బడిలో చదువుకున్నాడు. అదే బడిలో గురజాడ అప్పారావుగారు సహాధ్యాయి. ఈ ఇద్దరు కుర్రాళ్ళు ఒకే బడిలో పడడం తెలుగువాళ్ళ అదృష్టం అని నేను అనుకుంటాను. 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. పై చదువుకు డబ్బు లేదు, ఇంటి బాధ్యత మీద పడింది. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు 30 రూపాయల జీతం మీద చరిత్ర చెప్పే మాస్టారుగా చేరాడు.

అక్కడి నుంచి ముప్పై ఏళ్ళు అదే ఊరు, అదే కొలువు. పగలు పాఠాలు చెబుతూ రాత్రి చదువుకుంటూ ప్రైవేటుగా ఎఫ్.ఏ., తర్వాత బి.ఏ. పాసయ్యాడు. అప్పటికి మెట్రిక్యులేషన్ అయి చాలా ఏళ్ళు గడిచాయి. మనలో చాలామంది బీఈడీ అయ్యాక పుస్తకం మూసేసినవాళ్ళమే కనక ఈ సంగతి చదివేటప్పుడు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

చరిత్ర మాస్టారు కదా, చరిత్రను పుస్తకంలోంచే చెప్పి ఊరుకోలేదు. ముఖలింగం గుడి గోడల మీద, స్తంభాల మీద పాత లిపిలో శాసనాలు ఉన్నాయి. వాటిని చదవడం ఎవరూ నేర్పకుండానే తనంతట తాను నేర్చుకున్నాడు. నడగాంలో దొరికిన గాంగరాజు వజ్రహస్తుడి రాగి రేకులను పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించాడు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం మన ముఖలింగమేనని వాదించినవారిలో ఆయన ఒకరు. రాళ్ళ మీది అక్షరాలతో ఆయన గడిపిన ఆ రోజులు తర్వాత భాషా వాదంలో చాలా పనికొచ్చాయి. భాష ఒక్కచోట ఆగి ఉండదని, శతాబ్దం శతాబ్దానికి మారుతుందని ఆయనకు చెప్పింది వ్యాకరణం కాదు, శాసనాలు.

ఇక కొండల సంగతి. పర్లాకిమిడి చుట్టూ ఉన్నవి సవర కొండలు. సంతరోజున సవరలు చింతపండు, కంద, అడవి సరుకు దించుకుని ఊళ్ళోకి వస్తారు. తూకంలోనూ లెక్కలోనూ మోసపోతారు, మాట తెలియక తగువు కూడా పెట్టలేరు. వాళ్ళ పిల్లలకు బడి అన్నమాటే లేదు. రామమూర్తిగారికి వాళ్ళ భాష నేర్చుకోవాలనిపించింది. నేర్చుకోవడానికి పుస్తకం లేదు, లిపి లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని, మాట మాట అడిగి తెలుసుకున్నాడు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ గృహస్థు ఇంట్లో అది ఎంత పెద్ద సంగతో మన పెద్దవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఇంట్లో నేర్చుకున్నది చాలక కాలినడకన కొండలెక్కి సవరల గూడేలకు వెళ్ళాడు.

ఆ కొండల్లో మలేరియా ఉంది. ఇప్పటికీ ఏజెన్సీలో కొత్తగా చేరే మాస్టార్లకు పాతవాళ్ళు ముందు చెప్పేది దోమతెర గురించే. ఆయనకు జ్వరం పట్టుకుంది, మళ్ళీ మళ్ళీ తిరగబెట్టింది. అప్పటికున్న మందు క్వినైను ఒక్కటే. అది జ్వరాన్ని తగ్గించింది గాని వినికిడిని దెబ్బతీసింది. ఆ చెముడు బతికినంతకాలం ఆయనతోనే ఉంది. మనుషుల నోట పలికే భాషే అసలు భాష అని జీవితమంతా వాదించిన మనిషికి ఆ పలుకు వినడమే కష్టమైంది. సభల్లో ఎదుటివారి వాదన సరిగా వినబడక ఎంత అవస్థ పడి ఉంటాడో. అయినా సవర భాష మానలేదు, సభలూ మానలేదు.

సవర భాష మన తెలుగుకు చుట్టం కాదు. ద్రావిడ కుటుంబానికీ చెందదు, సంస్కృత కుటుంబానికీ చెందదు. సంతాలీ, ముండారీ ఉన్న ముండా శాఖలోది. మాట మధ్యలోనో చివరనో గొంతులో ఊపిరి టక్కున ఆగే ధ్వని ఒకటి ఉంటుంది. తెలుగు అక్షరాల్లో దానికి గుర్తు లేదు. లెక్కపెట్టే తీరు కూడా వేరు. పన్నెండు దాకా వరసగా పేర్లు ఉంటాయి, పదమూడు అనాలంటే పన్నెండూ ఒకటీ అంటారు. ఇరవై నుంచి మళ్ళీ ఇరవైల లెక్క. ముప్పైమూడు కావాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి కలపాలి. పదుల లెక్కలో పెరిగిన మాస్టారు పదుల స్థానం, ఒకట్ల స్థానం అని బోర్డు మీద గీసినప్పుడు ఆ పిల్లవాడి బుర్రలో ఏం జరుగుతుందో ఊహించుకోండి. లెక్కల మాస్టార్లు ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవాలని నా కోరిక.

రామమూర్తిగారు సవర మాటలను మొదట తెలుగు లిపిలో రాసుకున్నారు. పిల్లలకు వాచకాలు, పాటలు, కథలు ఆ భాషలోనే తయారుచేశారు. సొంత ఖర్చుతో బడులు పెట్టి, చదువు చెప్పేవారికి జీతాలు తన జీతంలోంచే ఇచ్చారు. ఆ రాతలకు ప్రతిఫలంగా ప్రభుత్వం డబ్బు ఇవ్వబోతే తనకు వద్దని, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని అన్నారని పెద్దలు చెప్పుకుంటారు. 1913లో రావు సాహెబ్ బిరుదు వచ్చింది. అది ఈ సవర కృషికి వచ్చిందే గాని తెలుగు ఉద్యమానికి కాదు. ఆగస్టు 29 నాటి ఉపన్యాసాల్లో ఈ మాట నేను ఎన్నడూ వినలేదు.

1911లో ఆయన ఉద్యోగం నుంచి విరమించుకున్నారు. అప్పటికి వయసు నలభై ఎనిమిది. మనం బాగా ఎరిగిన గిడుగు నిజానికి ఆ తర్వాత మనిషే. ఆ తర్వాత ఇరవై తొమ్మిదేళ్ళు బతికారు. ఆ ఇరవై తొమ్మిదేళ్ళూ ఎవరి కింద కొలువు చేయలేదు, జీతం తీసుకోలేదు.

తెలుగు గొడవ అంతకు కొద్దిగా ముందే మొదలైంది. 1907 ప్రాంతంలో జె.ఏ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా జిల్లాల బడులకు ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. బడులు తనిఖీ చేస్తుంటే ఒక సంగతి ఆయనకు అంతు చిక్కలేదు. పుస్తకంలో ఒక తెలుగు, మాస్టారు అర్థం చెప్పేటప్పుడు ఇంకొక తెలుగు, పిల్లవాడు జవాబు రాసేటప్పుడు మళ్ళీ పుస్తకం తెలుగు. పిల్లవాడు వెళ్ళాడు అని చెబుతాడు, వెళ్ళెను అని రాయాలి. చేస్తున్నాను అంటాడు, చేయుచున్నాను అని రాయకపోతే మార్కులు పోతాయి. మన పండితులు ఆలోచించని ఈ ప్రశ్న పరాయి దేశస్థుడు అడిగాడు. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు ముగ్గురూ ఆ ప్రశ్నను చేతిలోకి తీసుకున్నారు.

రామమూర్తిగారికి అది కొత్త ప్రశ్న కాదు. సవర పిల్లవాడికి తెలుగులో పాఠం చెబితే ఎందుకు ఎక్కదో అప్పటికే ఆయనకు తెలుసు. అదే చిక్కు ఇప్పుడు తెలుగు పిల్లవాడిలోనూ కనబడింది. ఇంటి నుంచి తెచ్చుకున్న మాటకు బడిలో చోటు లేదు. రెండు ఉద్యమాలూ ఆయనకు రెండు కావు, బెంచీ మీద కూర్చున్న పిల్లవాడి కోసం చేసిన ఒక్క పనే. నేను ఈ వ్యాసం రాసింది ముఖ్యంగా ఈ మాట చెప్పడానికే.

మొదట కొంత గెలుపు కనబడింది. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసం ఏ శైలిలోనైనా రాయవచ్చన్నారు. అంతే, పండితలోకం భగ్గుమంది. జయంతి రామయ్య పంతులుగారు పెద్దగా 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. రామయ్యగారు సామాన్యుడు కాడు. గొప్ప పండితుడు, పెద్ద హోదాలో ఉన్నవాడు, సూర్యరాయాంధ్ర నిఘంటువు వెనక ఉన్న మనిషి. ఆయన భయంలో కూడా కొంత న్యాయం ఉంది. ఒక్కో జిల్లా ఒక్కో తీరున రాస్తే ఒకరి రాత ఇంకొకరికి అర్థం కాకుండా పోతుందని, పాత కావ్యాలు చదివేవారు లేకుండా పోతారని ఆయన బెంగ. ఈ రోజు మన పిల్లలు పోతన పద్యం ముందు తడబడుతుంటే ఆ బెంగ పూర్తిగా ఉత్తదని నేననలేను. కాని పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లవాడి సంగతి ఆ వాదనలో ఎక్కడా లేదు.

గిడుగువారు 1913లో ఇంగ్లీషులో ఒక విజ్ఞప్తి పుస్తకం అచ్చువేసి అధికారుల ముందు పెట్టారు. విశ్వవిద్యాలయం కమిటీ వేసింది, వాదోపవాదాలు జరిగాయి, చివరికి తీర్పు గ్రాంథికం వైపే వచ్చింది. 1915 నవంబరులో గురజాడ కన్నుమూశారు. చిన్ననాటి స్నేహితుడు పోయాడు, అధికారుల దగ్గర ఓడిపోయారు, చెవులు వినబడవు, వయసు యాభై దాటింది. ఇంకొకరైతే వీధి అరుగు మీద కూర్చుని పింఛను తింటూ కాలం వెళ్ళదీసేవారు.

ఆయన ఊరూరా తిరగడం మొదలుపెట్టారు. పండితుల సభ ఎక్కడ జరిగితే అక్కడికి పాత గ్రంథాలు పట్టుకుని వెళ్ళేవారు. ఆయన పద్ధతిలో ఒక తమాషా ఉంది. గ్రాంథికం వద్దని ముందే అనేవారు కాదు. గ్రాంథికమే రాయాలనేవారు తమ పుస్తకాల్లో తమ వ్యాకరణాన్ని తామే ఎన్నిచోట్ల తప్పారో పేజీతో సహా చూపించేవారు. చిన్నయసూరి సూత్రం ఇది, మీ వాక్యం ఇది, కవి ప్రయోగం ఇది, శాసనంలో ఉన్నది ఇది. కాంపోజిషను నోట్సు దిద్దే మాస్టారు చేతి ఎర్ర సిరా అలవాటు ఆయనకు ఎన్నడూ పోలేదనిపిస్తుంది. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం, బాలకవి శరణ్యం, గద్య చింతామణి అలా పుట్టినవే. వాటిలో కొన్నిచోట్ల వేళాకోళం మోతాదు మించింది కూడా. పండితులు అంత కసిగా ఎదురుతిరగడానికి అదీ ఒక కారణమే.

1919 ఫిబ్రవరిలో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టారు. దానికి అధ్యక్షుడు ఎవరో తెలుసా? కందుకూరి వీరేశలింగం పంతులుగారు. జీవితమంతా ఎక్కువగా గ్రాంథికంలో రాసిన మనిషి డెబ్బై ఏళ్ళ వయసులో ఆ వైపు వచ్చి నిలబడ్డారు. అదే ఏడాది మే నెలలో ఆయన పోయారు. గిడుగువారు తెలుగు అనే మాసపత్రిక నడిపారు, అది ఎక్కువకాలం సాగలేదు. 1925లో తణుకులో పరిషత్తు సభలోనే లేచి గంటల తరబడి మాట్లాడారు. అప్పటికి కుర్ర కవులు, కథకులు, పత్రికలవాళ్ళు ఒక్కొక్కరే ఆయన దారిలోకి వస్తున్నారు. 1933లో డెబ్బైయో ఏట దేశంలోని పండితులు వ్యాసాలు రాసి ఒక సంపుటంగా కూర్చి ఆయనకు సమర్పించారు.

ఈ తిరుగుళ్ళ మధ్య సవర పని ఆగిపోయిందనుకుంటాం. ఆగలేదు. 1931లో సవర భాషా వ్యాకరణం ఇంగ్లీషులో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయింది. 1933లో ఇంగ్లీషు–సవర నిఘంటువు, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. చివరిది వచ్చేసరికి ఆయనకు డెబ్బై అయిదేళ్ళు. ఈ పుస్తకాల్లో తెలుగు లిపి వదిలి, ఏ ధ్వనికి ఆ గుర్తు ఉండే ధ్వని లిపి వాడారు. చెవుడున్న మనిషి ఒక భాషలోని ప్రతి ధ్వనినీ విడదీసి రాశాడన్నమాట. తర్వాత ముండా భాషల మీద పనిచేసిన దేశవిదేశాల భాషాశాస్త్రజ్ఞులు ఆ పుస్తకాలను పక్కన పెట్టుకునే పనిచేశారు. 1934లో కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చారు. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ ఇచ్చింది.

మధ్యలో 1936 వచ్చింది. ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం కావాలని, అందులో పర్లాకిమిడి కలవాలని అక్కడి రాజావారు పట్టుబట్టారు. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న ఊరు, ఏభై ఆరేళ్ళుగా తాను ఉంటున్న ఊరు అటు పోతుందంటే రామమూర్తిగారు ఎదిరించారు. సాగలేదు. ఏప్రిల్ 1న కొత్త రాష్ట్రం ఏర్పడింది. ఆ రోజు ఊళ్ళో ప్రారంభోత్సవాలు జరుగుతుంటే ఆయన ఇల్లు వదిలి రాజమండ్రి బయలుదేరారు. పదిహేడో ఏట ఆ ఊళ్ళోకి వచ్చినవాడు డెబ్బై మూడో ఏట బయటికి నడిచాడు. మహేంద్రతనయ నది, రాజావారి బడి, సవర కొండలు అన్నీ అటే ఉండిపోయాయి. అదే 1936లో ఆ కొండల్లోనే మంగై గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి తయారుచేశాడు. ఆ భాషకు రాత కావాలని అంతకుముందు నలభై ఏళ్ళుగా తాపత్రయపడిన పంతులుగారు అప్పటికి రాజమండ్రిలో నిఘంటువు ప్రూఫులకు సిద్ధమవుతున్నారు.

1940 జనవరిలో ఆయన మద్రాసులో ఉన్నారు. ఒంట్లో బాగులేదు. అయినా ప్రజామిత్ర పత్రిక కార్యాలయంలో పత్రికలవాళ్ళను కలిసి, వాడుక భాషను వదలవద్దని, అది తెలుగు జనానికంతటికీ అందేలా చూడమని కోరారు. వారం తిరిగేసరికి, జనవరి 22న కన్నుమూశారు. ఆయన బతికుండగా బడి పుస్తకాలు గ్రాంథికం వదల్లేదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలా ఏళ్ళకు గాని మన పిల్లలు మాట్లాడే తీరులో జవాబు రాసే స్వేచ్ఛ రాలేదు. ఈ సంచికలో కథలు, జ్ఞాపకాలు రాసిన మనవాళ్ళలో వయసు మళ్ళినవారికి ఆ మార్పు గుర్తుండే ఉంటుంది.

సవర పిల్లలకు ఇంకా ఆలస్యమైంది. ఆయన పోయిన అరవై ఏళ్ళు దాటాక, 2004 ప్రాంతంలో మన ప్రభుత్వం గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టింది. ఎంచుకున్న భాషల్లో సవర ఒకటి. తెలుగు లిపిలోనే సవర వాచకాలు వచ్చాయి. తన బోర్డు మీద తన భాష మాటను చదివినప్పుడు ఒకటో తరగతి పిల్ల ఎలా తలెత్తి చూస్తుందో ఏజెన్సీలో పనిచేసిన మాస్టార్లను అడగండి. ఆ పథకం అన్ని బడుల్లోనూ ఒకేలా నడవలేదు. భాష వచ్చిన వలంటీరు ఉన్నచోట సాగింది, లేనిచోట పుస్తకాలు బీరువాలోనే ఉండిపోయాయి.

ఆయన కుమారుడు గిడుగు సీతాపతిగారు కూడా తండ్రి వెంట సవర భాష నేర్చినవారే. ఆ జనం గురించి, వాళ్ళ పాటల గురించి ఆయన తర్వాత చాలా రాశారు. తండ్రి మొదలుపెట్టిన ఆ పని ఇంకొక తరం దాకా ఇంట్లోనే సాగింది.